‘ప’ కింద చుక్క

ఫిబ్రవరి 3

చిన్నతాతయ్యకి పిచ్చుక నమస్కారం.

ఫోను చేస్తే మీరు "ఊ" అంటారు. మళ్ళీ చేస్తే మళ్ళీ "ఊ". మొదటి ఊకీ రెండో ఊకీ తేడా కనిపెట్టేంత తెలివి నాకు లేదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. ఈ సలహా అమ్మది. "మా మావయ్య నోటితో మాట్లాడడే, చేత్తో మాట్లాడతాడు. రాసి చూడు" అంది.

ఈ ఏప్రిల్‌కి తాతగారికి నూరేళ్ళు. స్మారక సంఘంవాళ్ళు ఆయన పేర ఒక మందిరం తెరుస్తున్నారు. మౌనసామ్రాట్ అని జనం బిరుదిచ్చిన మనిషికి ఇంతకాలం నిలువనీడ లేకపోవడమే వింత. నేను నటనాలయంలో ఆరేళ్ళుగా చెబుతున్న పాఠం మీకు తెలుసుగా, విరామం. సినిమాల్లో తాతగారు మాట మధ్యలో ఆగేవారు చూడండి, ఆ ఆగడం. దాని మీదే పుస్తకం కూడా రాస్తున్నాను.

అసలు కబురు ఇది. అటక మీద అట్టపెట్టెలో తాతగారి డైలాగు పుస్తకాలు దొరికాయి, పది. ముత్యాల్లాంటి అక్షరాలు. అక్కడక్కడా పెన్సిలు చుక్కలు. మందిరంలో అద్దాల పెట్టెలో పెడదామంటే, పత్రికలో సినిమా పేజీ రాసే పెద్దమనిషి ఒకాయన "అది ఏ అసిస్టెంటు రాతో" అని పుల్ల విరిచాడు. సంఘం కార్యదర్శి సాక్ష్యం కావాలంటున్నారు. ఆ రోజుల్లో తాతగారి పక్కన ఇరవై ఏళ్ళు ఉన్నవాళ్ళలో మిగిలింది మీరొక్కరే. (మీరు అక్కడ ఏం పని చేసేవారో అమ్మకి కూడా సరిగ్గా తెలీదట. "మేకప్ పెట్టె మోసేవాడేమో" అంది.) ‘ఈ చేతిరాత మా బావగారిదే’ అని రెండు ముక్కలు రాసి సంతకం పెట్టి పంపండి చాలు.

మీ పిచ్చుక

*

ఫిబ్రవరి 11

పిచ్చుకకు చిన్నతాత ఆశీస్సులు.

ఉత్తరం అందింది. బాగానే ఉన్నాను. మోకాలు ఎప్పటిలాగే ఉంది. బైండింగు షాపుకి రోజూ వెళుతున్నాను. మా షాపావిడ నాకు సైలెన్సరు అని పేరు పెట్టింది. చెడ్డ మనిషి కాదు.

పుస్తకాలు దొరకడం సంతోషం. వాటికి తడి తగలనివ్వకు. అట్టలకి వాడింది మైదా జిగురు, పురుగు పడుతుంది. ఎండలో పెట్టకు, నీడలో ఆరబెట్టు.

మేకప్ పెట్టె నేను మోయలేదు.

సంతకం సంగతి తర్వాత చూద్దాం.

చిన్నతాత

*

ఫిబ్రవరి 20

చిన్నతాతయ్యకి,

మీ ఉత్తరం చూసి అదిరిపడ్డాను. అచ్చం తాతగారి చేతిరాత! ఆ ‘ళ’ తోక, ఆ ‘క్ష’ మెలిక, అన్నీ అవే. ఒక మనిషి దగ్గర ఇరవై ఏళ్ళుంటే రాత కూడా అంటుకుంటుందన్నమాట. దీని మీద పుస్తకంలో అర పేజీ రాశాను. ‘మహానటుడి ప్రభావం ఆయన ఇంటివారి వేళ్ళ దాకా పాకింది’ అని.

ఇక చుక్కల రహస్యం నాకు దొరికింది. పట్టుకు కూర్చుని అన్ని పుస్తకాలూ చూశాను. చుక్కలన్నీ ‘ప’తో మొదలయ్యే మాటల కిందే ఉన్నాయి. ఎందుకు? ‘ప’ అనాలంటే రెండు పెదవులూ మూసుకోవాలి. పెదవులు మూయడమంటే మౌనం. అంటే తాతగారు మౌనాన్ని మాట మొదట్లోనే పెట్టారు! దీనికి నేను ‘ఓష్ఠ్యవిరామ సిద్ధాంతం’ అని పేరు పెట్టాను. కార్యదర్శి విని వెంటనే పేరు రాసుకున్నారు.

ఆ మంచం సీను గుర్తుందిగా? చావుబతుకుల్లో ఉన్న తల్లి పక్కన నిలబడి, "ఈ ఇంట్లో నాకు మిగిలింది..." అని నాలుగు సెకన్లు ఆగి, "పేరొక్కటే" అంటారు. మొదటి సెకనులో కోపం, రెండోదాంట్లో జ్ఞాపకం, మూడోదాంట్లో క్షమ, నాలుగోదాంట్లో వైరాగ్యం. నేను పిల్లలకి ఇదే నేర్పుతాను. పుస్తకంలో ఆ చోట అంచున ‘నీళ్ళు’ అని రాసి ఉంది. అంటే కన్నీళ్ళు. దాని కింద ‘దగ్గొద్దు’ అనుంది. పాత్రకి లోపల క్షయ ఉన్నట్టు, దాన్ని అణచుకుంటున్నట్టు ఊహించుకున్నారన్నమాట. కథలో లేని జబ్బుని కూడా మోశారు మహానుభావుడు.

సంతకం పంపండి. పెట్టెకి అద్దం బిగించేశారు.

పిచ్చుక

*

మార్చి 1

పిచ్చుకకు,

నీళ్ళంటే నీళ్ళే. కన్నీళ్ళు కావు. గొంతు ఎండితే తాగేవి.

దగ్గొద్దు అన్నది పాత్రకి కాదు.

నువ్వు శ్రమపడి రాస్తున్నావు. మెచ్చుకోవాలి. కానీ ఆ కాగితం నేను రాయలేను. ఎందుకని అడగకు. వేరేగా అనుకోకు.

నిన్న షాపులో ఉత్తరం రాస్తుంటే మా ఆవిడ, అంటే షాపావిడ, తొంగి చూసి, "ఏం సైలెన్సరుగారూ, ఈ వయసులో ఎవరికండీ అన్ని కాగితాలు చింపుతున్నారు?" అంది. మూడు చింపాను. ఇది నాలుగోది.

చిన్నతాత

*

మార్చి 10

చిన్నతాతయ్యకి,

అడగొద్దన్నారు. అడక్క ఏం చెయ్యను?

అమ్మని అడిగాను. చాలాసేపు నీళ్ళు నమిలి చెప్పింది, ఆఖరి రోజుల్లో మీకూ తాతగారికీ మాటల్లేవట. ఆయన పోయే ముందు ఏడు నెలలూ మీరు గుమ్మం తొక్కలేదట. అమ్మమ్మ ఎన్ని కబుర్లు పంపినా రాలేదట. ఇప్పుడర్థమైంది. మీరు ఆ పేరుకి దూరంగా ఉందామనుకుంటున్నారు. చచ్చిపోయి ఇన్నేళ్ళైనా ఆ మనిషి మీద కినుక పోలేదా తాతయ్యా? అసూయా? ఇల్లంతా ఆయన్ని తలకెత్తుకుంటే మీరొక్కరూ గోడవైపు తిరిగి కూర్చుంటారా?

కోపంలో రాశాను. కొట్టేద్దామనుకున్నాను, కానీ కొట్టేస్తే మాత్రం అనుకోనట్టవుతుందా? ఉంచేశాను.

సంతకం పెట్టకపోతే పోయె. ఏప్రిల్ 6న మందిరం తెరుస్తారు, ఆ రోజుకైనా రండి. ఇంట్లో పెద్దవారు మీరొక్కరే. మీరు రాకపోతే ఆ పత్రికాయన "చూశారా, సొంత బావమరిదే నమ్మలేదు" అని రాస్తాడు. అప్పుడు నా పుస్తకమూ, నా ఆరేళ్ళ పాఠమూ గంగలో కలిసినట్టే.

పిచ్చుక

*

మార్చి 17

పిచ్చుకకు,

అసూయ కాదు.

వస్తాను. వెనక వరసలో కూర్చుంటాను. నన్ను వేదిక మీదికి పిలవకు. ఇదొక్కటి గుర్తుంచుకో.

చొక్కా కుట్టించుకోమని షాపావిడ బట్ట ఇచ్చింది. పుస్తకాలకి అతికించే కాలికో బట్టేమోనని రెండుసార్లు చూశాను. చొక్కా బట్టే.

చిన్నతాత

*

ఏప్రిల్ 9

నా బంగారు చిన్నతాతయ్యకి,

కాళ్ళకి మొక్కుతున్నాను. మార్చిలో నేను రాసిన ఆ ఉత్తరం చించెయ్యండి. కాల్చెయ్యండి.

వేదిక మీదికి పిలవొద్దన్నారు. నేను పిలవలేదు, కార్యదర్శి పిలిచారు. (ఆయన చెవిలో ఊదింది నేనే, అబద్ధమెందుకు.) మీరు లేచి రావడానికే అంతసేపు పడితే, నా గుండె గుండెల్లో లేదు. మైకు ముందు నిలబడ్డారు. "సభకి... " అన్నారు. పెదవులు మూశారు. ఇక విప్పలేదు.

ఏమి మౌనం తాతయ్యా! నేను గడియారం చూశాను. పదకొండు సెకన్లు! తాతగారు జన్మలో నాలుగు దాటలేదు. మెడ నరాలు బిగుసుకున్నాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, చెయ్యి మైకు కడ్డీని పట్టుకుని వదల్లేదు. ఆ పెదవుల వెనక ‘ప’ ఉందని ఆ హాల్లో ప్రతివాడికీ తెలిసింది. ముందు లేచింది ఎవరనుకున్నారు? ఆ పత్రికాయనే! "అసలైన మౌనం ఇన్నాళ్ళకి చూశానండీ" అని చప్పట్లు మొదలుపెట్టాడు. హాలు హాలంతా లేచింది. మీరు ఒక్క మాట అనకుండా చేతులు జోడించి దిగిపోయారు. అదీ ముగింపు! మర్నాడు పత్రికలో ‘మౌనానికి వారసుడు’ అని మీ ఫోటో. పంపుతున్నాను.

ఇంత గొప్ప నివాళి మనసులో పెట్టుకుని, పైకి మాత్రం "రాయలేను, పిలవకు" అన్నారా? ఎన్నాళ్ళు సాధన చేశారు? భోజనమైనా చెయ్యకుండా ఆ బస్సుకే ఎందుకు వెళ్ళిపోయారు? వచ్చే నెల నటనాలయం పిల్లలకి రెండు రోజులు మీరే నేర్పాలి. కాదనకూడదు. ఆ కాగితం కూడా ఇప్పుడు రాసిచ్చేస్తారని తెలుసు.

మిమ్మల్ని చూసి గర్వపడే పిచ్చుక

*

ఏప్రిల్ 14

పిచ్చుకా,

అది నివాళి కాదమ్మా. నత్తి.

చిన్నతాత

*

ఏప్రిల్ 19

తాతయ్యా,

మీ ఉత్తరం ఒక్క లైను. దాన్ని చదవడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

అద్దాల పెట్టె తీయించి పుస్తకాలు ఇంటికి తెచ్చుకున్నాను. పక్కన మీ ఉత్తరాలు పెట్టుకున్నాను. ఒక్క ‘ళ’ తోక కూడా తేడా లేదు. అంటుకోవడం కాదు, ఒకటే చెయ్యి. చుక్కలున్నవి ‘ప’ల కింద. నీళ్ళంటే నీళ్ళే. మీరు చెప్పారు, నేనే వినలేదు.

అమ్మకి ఫోను చేసి "మీ మావయ్యకి నత్తి ఉందా?" అన్నాను. "నత్తేంటే, ఆయన మాట్లాడితేగా తెలిసేది" అంది.

అది మీ రాతైతే, తాతగారు ఏం చేసేవారు? మీరెక్కడ ఉండేవారు? నేను ఆరేళ్ళ నుంచీ పిల్లలకి ఏం నేర్పుతున్నాను? కోపం లేదు. నిజం చెప్పండి చాలు.

పిచ్చుక

*

ఏప్రిల్ 28

పిచ్చుకమ్మకు,

నువ్వు ఇంటిదానివి. ఇంట్లో చెబితే బయట చెప్పినట్టు కాదనుకుని రాస్తున్నాను. రాతలో నాకు నత్తి లేదు.

మా బావకి అక్షరం ముక్క రాదు. లైట్లు మోసే పనికి వచ్చిన మనిషి. ఒక రోజు వేషం వెయ్యాల్సినవాడు రాకపోతే నిలబెట్టారు. ముఖం నచ్చింది. ఆ తర్వాత దిగుదామన్నా దిగనివ్వలేదు. డైలాగు కాగితం ఇస్తే తలకిందులుగా పట్టుకుని తలాడించేవాడు. "ఎలా ఉందండీ?" అని డైరెక్టరు అడిగితే "బరువుగా ఉంది" అనేవాడు. అదీ గొప్ప మాటే అయింది.

మీ అమ్మమ్మ నన్ను పంపింది. నాకు పదిహేడేళ్ళు. మా ఊరి బళ్ళో అయిదు చదివాను. నన్ను చూసి బావ పడీపడీ నవ్వాడు. "ఒరేయ్, నాకు చదువు రాదు, నీకు మాట రాదు. ఇద్దర్నీ కలిపి కుడితే ఒక మనిషి అవుతాడు. రా" అన్నాడు.

నా పని మాట అందించడం. కనబడకుండా దాక్కుని, గుసగుసగా ముందు నేను అంటే, వెనక ఆయన గట్టిగా అంటాడు. గుసగుసలో నత్తి తగ్గుతుంది. అది నా అదృష్టం. ఒక్క ‘ప’ మాత్రం వదల్లేదు. అందుకే దాని కింద చుక్క పెట్టుకునేవాణ్ణి, ముందే ఊపిరి పీల్చుకుందామని. పీల్చుకున్నా వచ్చేది కాదు. స్తంభం వెనక ఉన్నాను. బీరువాలో ఉన్నాను. కారు డిక్కీలో ఉన్నాను. నువ్వు చెప్పిన సీనులో తల్లి మంచం కింద ఉన్నాను. కింద దుమ్ము. అందుకే దగ్గొద్దని రాసుకున్నాను. "మిగిలింది" దాకా బాగానే అందించాను. ‘పే’ దగ్గర బిగుసుకుంది. మూడు సెకన్లు నత్తి. నాలుగోది నత్తి కూడా కాదు, చీమ కుట్టింది. కట్ అన్నాక బయటికి వచ్చి చూస్తే డైరెక్టరు ఏడుస్తున్నాడు.

తర్వాత డబ్బింగు హాల్లో మాటలు అతికేటప్పుడు బొమ్మ పెదవులకి కలపాలి. ఆగిన చోట మళ్ళీ ఆగక తప్పదు. అలా నా నత్తి ఊళ్ళన్నీ తిరిగింది.

ఒకసారి ‘ప’ సాఫీగా వచ్చేసింది. నాకే ఆశ్చర్యం. డైరెక్టరు ముఖం చిట్లించి "ఏమైందండీ ఇవాళ, జీవం లేదు" అన్నాడు. బావ స్తంభం వెనక్కి వచ్చి, "ఒరేయ్, కాస్త నత్తి పెట్టరా నీకు పుణ్యముంటుంది" అన్నాడు. కావాలని పెడితే నత్తి రాదమ్మా. ఆ రోజు పదకొండు టేకులు తిన్నాం.

"నీ నత్తి నేను చెప్పను, నా చదువు నువ్వు చెప్పకు" అన్నాడు బావ. సరేనన్నాను. ఆ మాట ఇప్పటిదాకా ఉంది. ఈ రాత ఆయనది అని రాస్తే అబద్ధం. కాదని విప్పి చెబితే మాట తప్పడం. అందుకే రాయలేనన్నాను.

ఇంకోటి ఉంది. ఆయన ఆగినప్పుడల్లా జనం చప్పట్లు కొట్టారు. నేను సిగ్గుతో చచ్చేవాణ్ణి. నా అవకరం తెర మీద అంత పెద్దదిగా పడుతుంటే ఎవరికి బాగుంటుంది? నేను కాక నోరున్నవాడెవడైనా అందించి ఉంటే మా బావ ఇంకా ఎంత బాగా చేసేవాడో అనుకునేవాణ్ణి. ఆఖరి సినిమాకి నేను ఆసుపత్రిలో ఉన్నాను, రెండు నెలలు. తిరిగొచ్చేసరికి సినిమా అయిపోయింది. నేను లేకుండానే. బ్రహ్మాండంగా ఉందన్నారు. నేను చూడలేదు. నేను అక్కర్లేదన్న సంగతి డబ్బిచ్చి టిక్కెట్టు కొని చూడాలా? ఆ సిగ్గుతోనే ఆ ఇంటికి వెళ్ళలేకపోయాను. మాటల్లేకపోవడం కాదు. ఎదురుపడితే ఏమంటాడోనని. ఏడు నెలలకి ఆయనే పోయాడు.

అంతే. నీ పుస్తకం పాడైనందుకు క్షమించు.

చిన్నతాత

*

మే 8

చిన్నతాతయ్యకి,

మీ ఉత్తరం చదివి ముందు ఏడ్చాను. చీమ దగ్గర నవ్వాను. నాలుగో సెకను వైరాగ్యం మీద నేను పదమూడు పేజీలు రాశాను తాతయ్యా. ఒక్క చీమకి పదమూడు పేజీలు!

నిన్న క్లాసులో ఒకమ్మాయి సరిగ్గా నాలుగు సెకన్లు ఆగింది. "ఆగినప్పుడు మనసులో ఏముంది?" అని అడిగాను. "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అంది. మామూలుగా అయితే తిట్టేదాన్ని. నిన్న పాఠం అక్కడితో ఆపేశాను.

ఇక అసలు సంగతి. మీరు లేని ఆ ఆఖరి సినిమా పెట్టుకుని కూర్చున్నాను. దానికి పుస్తకం కూడా లేదు, ఉన్న పదీ ముందువే. మీరు లేరు కాబట్టి ఆగుళ్ళు ఉండవు, అప్పుడు ఈ మౌనమంతా మీదేనని తేలిపోతుంది అనుకున్నాను. కాగితం, పెన్సిలు పట్టుకుని చూశాను.

ఆగారు తాతయ్యా. ‘ప’ వచ్చిన ప్రతిచోటా ఆగారు. స్తంభం వెనక ఎవరూ లేరు. అయినా ఆగారు.

అమ్మకి ఫోను చేశాను. అమ్మ మాటలు ఉన్నవున్నట్టు రాస్తున్నాను:

"ఆ సినిమాకి మాటలు నేనే చదివి వినిపించానే. కళ్ళు లాగుతున్నాయి, చదివి పెట్టమ్మా అన్నాడు నాన్న. నాకు పన్నెండేళ్ళు, బళ్ళో ఫస్టు, గడగడా చదివేసేదాన్ని. నాన్న తిరిగి అప్పజెబుతూ మధ్యలో ఆగేవాడు. మర్చిపోయావా నాన్నా అంటే, లేదే, మీ మావయ్య అందుకోవాలి కదా అనేవాడు. మావయ్య భోజనానికి వస్తున్నాడేమో అనుకుని నేను గుమ్మం వైపు చూసేదాన్ని. ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. నాన్న ఇంకాసేపు ఆగి, అప్పుడు మాట అనేవాడు. ప్రతిరోజూ ఇదే తంతు. పిచ్చి నాన్న అనుకునేదాన్ని."

తాతయ్యా, మీరు అక్కర్లేదన్న సంగతి చూడలేకే కదా ఆ సినిమాకి వెళ్ళలేదు? సినిమా ఎలా పెట్టుకోవాలో ఈ ఉత్తరం వెనక రాశాను. షాపావిడని అడగండి, ఆవిడ ఫోనులో వస్తుంది. కాగితం సంగతి ఇక నేనెత్తను. రాయాలనిపిస్తే రాయండి, లేకపోతే పెట్టె ఖాళీగా ఉంటుంది. మౌనసామ్రాట్ మందిరంలో ఖాళీ పెట్టె కూడా గొప్పేనంటారు మనవాళ్ళు.

పిచ్చుక

*

మే 20

పిచ్చుకమ్మకు,

చూశాను. షాపు మూసే వేళకి ముందు, కటింగు మిషను ఆపించి, బల్ల మీద ఫోను నిలబెట్టి ఆవిడ కూడా కూర్చుంది. మొదటిసారి ఆగేసరికి "ఏంటి, నెట్టు పోయిందా?" అని ఫోను విదిలించింది. నెట్టు బాగానే ఉంది.

నాకు అప్పటికింకా నమ్మకం కుదరలేదు. రెండోసారి ఆయన ఆగాడు. నాకు కథ తెలీదు, డైలాగు తెలీదు. కానీ ముందు మాటని బట్టి తర్వాతి మాట తెలిసింది. ఇరవై ఏళ్ళ అలవాటు. గుసగుసగా అన్నాను. అన్న తర్వాత ఆయన అన్నాడు. మూడోసారీ అంతే. నాలుగోసారి నాకు ‘ప’ బిగుసుకుంది. వచ్చేదాకా ఆయన ఆగాడు.

"ఇది ముందే చూశారా సైలెన్సరుగారూ?" అంది షాపావిడ. ఊ అన్నాను. సినిమా అయ్యాక నా ముందున్న జిగురు గిన్నె తీసి పక్కన పెట్టి, "ఇవాళ్టికి చాల్లెండి, కూర్చోండి" అంది.

అంత మనిషి నాకోసం అంతసేపు కనిపెట్టుకుని ఉంటే, నేను ఏడు నెలలు గుమ్మం తొక్కలేదు. దానికి ఇప్పుడు చేసేదేమీ లేదు.

నీకు కాగితం జత చేశాను. పెట్టెలో పెట్టుకో. ఎవరైనా గుచ్చి గుచ్చి అడిగితే ఇంతకన్నా చెప్పకు. పిల్లలకి లెక్కపెట్టడం మాన్పించు. ఎదుటివాడికోసం ఆగడం నేర్పు. సెకన్లు వాటంతటవే వస్తాయి.

చిన్నతాత

(జత చేసిన కాగితం)

ఈ పది పుస్తకాల్లో రాత నాది. ఆగడం మా బావది.

ఇట్లు,
బావమరిది